ట్రంకేట్ (టేబుల్ మొత్తం ఒక్కసారే ఖాళీ చేసే కమాండ్) కొట్టినా 38 జీబీ జాగా వదలట్లేదు, ఒరాకిల్ డేటాబేస్‌లో ఎవరికైనా ఇలా అయ్యిందా?

గోదారిబాబు:
అందరికీ నమస్తే. మా దగ్గర రోజూ రాత్రి లోడ్ అయ్యే స్టేజింగ్ టేబుల్ ఒకటుంది, 52 జీబీకి పెరిగింది. టేబుల్‌స్పేస్ (టేబుళ్లకి జాగా ఇచ్చే స్టోరేజ్) నిండిపోతోందని నిన్న రాత్రి ట్రంకేట్ చేశా. కౌంట్ సున్నా, అదీ టక్కున వచ్చేసింది, కానీ ఏ టేబుల్ ఎంత జాగా పట్టుకుందో చూపే యూజర్_సెగ్మెంట్స్ వ్యూలో చూస్తే ఇంకా 38 జీబీ అలాగే ఉంది. 14 వదిలి 38 ఎందుకు పట్టుకుందో అర్థం కావట్లేదు, మూడుసార్లు కొట్టినా అంతే. లోకల్లీ మేనేజ్డ్ టేబుల్‌స్పేసే, వెర్షన్ 19సీ.

పాత_డీబీఏ:
బాబూ, అదే వ్యూలో ఇనీషియల్_ఎక్స్‌టెంట్ కాలమ్ (టేబుల్‌కి మొదట్లోనే ఇచ్చే జాగా, బైట్లలో) ఎంతుందో చూసి చెప్పు. ఇంకోటి, ఈ టేబుల్ ఎప్పుడైనా పాత ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్‌తో వేరే సర్వర్ నుంచి వచ్చిందా?

గోదారిబాబు:
40802189312 అని ఉందన్నా. అవును, చాలా ఏళ్ల కింద సర్వర్ మార్చినప్పుడు డంప్ తీసి ఎక్కించారంట, నేను అప్పటికి చేరలేదు.

పాత_డీబీఏ:
దొరికింది. ఆ అంకె సరిగ్గా 38 జీబీ. పాత ఎక్స్‌పోర్ట్ టూల్‌లో కంప్రెస్=వై అనేది డిఫాల్ట్, పేరు చూసి డేటాని కుదిస్తుందనుకుంటారు గానీ అది చేసే పని వేరు, టేబుల్‌కి ఆ రోజు ఎంత జాగా ఉందో అదంతా కలిపి ఇనీషియల్ అని రాసేస్తుంది. అంటే సర్వర్ మార్చిన రోజు నీ టేబుల్ 38 జీబీ అన్నమాట. మామూలు ట్రంకేట్ అంటే డ్రాప్ స్టోరేజ్, అది ఇనీషియల్, మిన్‌ఎక్స్‌టెంట్స్ (కనీసం ఎన్ని ఎక్స్‌టెంట్లు, అంటే జాగా ముక్కలు, ఉండాలో) ప్రకారం మొదట ఇచ్చిన జాగాని ఉంచుకుని ఆ పైన పెరిగింది మాత్రమే వెనక్కిస్తుంది. కౌంట్ టక్కున రావడానికి కారణం హై వాటర్ మార్క్ (డేటా ఎక్కడిదాకా పడిందో చూపే గుర్తు, స్కాన్ అక్కడిదాకా చదువుతుంది) కిందికి దిగడం, జాగా వదలడంతో దానికి సంబంధం లేదు. డిలీట్ చేసుంటే ఆ మార్క్ పైనే ఉండిపోయేది, ఖాళీ టేబుల్‌కి కూడా స్కాన్ నిమిషాలు పట్టేది.

రాత్రిషిఫ్ట్:
డ్రాప్ ఆల్ స్టోరేజ్ వాడొచ్చు కదా, 11.2.0.2 నుంచి ఉంది, సెగ్మెంటే (టేబుల్ పట్టుకున్న జాగా మొత్తం) పూర్తిగా పోతుంది.

పాత_డీబీఏ:
పోతుంది, కానీ ఇనీషియల్ మారదు కదా తమ్ముడూ. రాత్రి లోడ్‌లో మొదటి రో పడగానే మళ్లీ 38 జీబీ అడుగుతుంది, అప్పుడు టేబుల్‌స్పేస్‌లో లేకపోతే లోడ్ అక్కడే పడిపోతుంది. ఆల్టర్ టేబుల్‌లో నేరుగా స్టోరేజ్ ఇనీషియల్ ఇచ్చినా ఓఆర్ఏ-02203 ఎర్రర్ వస్తుంది. తేలికైన దారి, టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడే ఆల్టర్ టేబుల్ మూవ్ స్టోరేజ్ (ఇనీషియల్ 64కే). ఖాళీది కాబట్టి క్షణంలో అయిపోతుంది. ఇండెక్సులు మర్చిపోకు, వాటికీ ఇదే జబ్బు ఉండొచ్చు, ఒక్కోటి అదే స్టోరేజ్‌తో రీబిల్డ్ చెయ్యి.

వైజాగ్_క్వెరీ:
నేను పాత 8ఐ వెర్షన్ రోజుల్లో ఇంకోటి చూశా, అప్పట్లో డిక్షనరీ మేనేజ్డ్ టేబుల్‌స్పేస్‌లు (జాగా లెక్క డేటాబేస్ డిక్షనరీ టేబుళ్లలో ఉండేవి). ట్రంకేట్ అయ్యాక టేబుల్ నెక్స్ట్ వాల్యూ (తర్వాత తీసుకునే ఎక్స్‌టెంట్ సైజు) మారిపోయేది, మేం ఇచ్చింది 1 ఎంబీ అయితే ఏదో పెద్ద అంకె కనిపించేది. చివరగా తీసేసిన ఎక్స్‌టెంట్ సైజే కొత్త నెక్స్ట్ అవుతుందని తెలిసేదాకా ఎవరో ఆల్టర్ కొట్టారని ఒకరినొకరు అనుమానించుకున్నాం. పీసీటీఫ్రీ (బ్లాక్‌లో ఖాళీగా ఉంచే శాతం) లాంటివి మాత్రం కదలవు, గ్రాంట్లూ (యూజర్లకిచ్చిన అనుమతులు) పోవు. స్టాటిస్టిక్స్ కూడా పాతవే ఉంటాయి, రోల సంఖ్య చూపే నమ్_రోస్‌లో కోట్లు కనిపిస్తే కంగారు పడొద్దు, లోడ్ అయ్యాక మళ్లీ గేదర్ చెయ్యాలి.

రాత్రిషిఫ్ట్:
పోస్ట్‌గ్రెస్‌లో ఈ గొడవ లేదు, ట్రంకేట్‌కి కొత్త ఫైల్ వస్తుంది, ఫిల్‌ఫ్యాక్టర్ లాంటి సెట్టింగ్స్ అలాగే ఉంటాయి, ట్రాన్సాక్షన్‌లో ఉంటే రోల్‌బ్యాక్ కూడా అవుతుంది. ఒరాకిల్‌లో అది కుదరదు, కమాండ్ కొట్టగానే కమిట్ అయిపోతుంది, అందుకే ప్రొడక్షన్‌లో చెయ్యి పెట్టేముందు టేబుల్ పేరు రెండుసార్లు చదువుతా.

వైజాగ్_క్వెరీ:
ఇంకో మాట, రోజూ అంతే డేటా పడే టేబుల్ అయితే ట్రంకేట్‌కి రీయూజ్ స్టోరేజ్ (జాగా వదలకుండా ఖాళీ చేసేది) ఇచ్చినా తప్పు లేదు. రేపు మళ్లీ అడిగే జాగాని ఇవాళ వదిలి ఏం లాభం.

గోదారిబాబు:
చేశానన్నా! మూవ్ అయ్యాక సెగ్మెంట్ 64 కేబీ, రెండు ఇండెక్సులకీ ఇనీషియల్ జీబీల్లోనే ఉంది, అవీ రీబిల్డ్ చేశా. చాలా థ్యాంక్స్, రెండు వారాలుగా దీనికే నిద్ర లేదు. కానీ సర్వర్‌లో డిస్క్ ఖాళీ మాత్రం పెరగలేదు?

పాత_డీబీఏ:
పెరగదు, జాగా టేబుల్‌స్పేస్‌కి తిరిగొచ్చింది, ఫైల్ సైజు అంతే ఉంటుంది. వేరే టేబుళ్లకి పనికొస్తే అలాగే ఉంచెయ్. డిస్క్‌కే కావాలంటే డేటాఫైల్ రీసైజ్ చెయ్యాలి, ఓఆర్ఏ-03297 ఎర్రర్ వస్తే ఆ ఫైల్ చివర ఇంకేదో సెగ్మెంట్ కూర్చుందని, డీబీఏ_ఎక్స్‌టెంట్స్‌లో ఆ ఫైల్‌కి బ్లాక్_ఐడీ అన్నిటికంటే పెద్దది ఎవరిదో చూసి ముందు దాన్ని కదుపు.