తోటలో తాత కాలం నాటి అల్యూమినియం ట్రైలర్ ఇల్లు ఉంది, తుక్కుకి ఇచ్చేయాలా బాగుచేయాలా?

ఉద్దానం_కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది సోంపేట వైపు, ఊరి పేరు ఎందుకులెండి. మా కొబ్బరి తోటలో ఒక పాత ట్రైలర్ ఇల్లుంది, అంటే జీపు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. మా తాత మట్టి పనుల కాంట్రాక్టరు, ఏదో ప్రాజెక్టు క్యాంపు ఎత్తేసినప్పుడు వేలంలో కొన్నాడంట, మా నాన్నకి ఊహ తెలిసినప్పట్నుంచి ఆ తోటలోనే ఉందంటారు, అంటే 60ల్లోదో అంతకు ముందుదో అయ్యుండాలి.

ఫోటోలు కూడా పెట్టాను. టేపు పెట్టి కొలిచాను, పొడవు 14 అడుగుల చిల్లర, వెడల్పు ఆరున్నర. బయట అల్యూమినియం రేకు, చివర్లు గుండ్రంగా వంచి ఉన్నాయి. లోపల ఒక పక్క బెంచీ, లాగితే మంచం అవుద్ది, ఇంకో పక్క స్టవ్ పెట్టుకునే గూడు, దాంట్లో రేకంతా ఇప్పటికీ మసే. తలుపు రెండు ముక్కలు, పైది తీసి కిందది మూసుకోవచ్చు, తాత శనివారం సాయంత్రం ఆ కింది ముక్క మీద మోచేతులు ఆనించుకుని కూలోళ్ళకి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేవాడంట, అక్కడ చెక్క నిజంగానే రెండు చోట్ల నున్నగా అరిగిపోయి ఉంది.

ఇప్పుడు సంగతి ఏటంటే, తాత ఉన్నన్నాళ్ళు దాని మీద కొబ్బరాకు పాక ఉండేది, ఏటా ఆకు మార్పించేవాడు. తర్వాత నాన్న రేకుల షెడ్డు వేయించారు. 2018లో తిత్లీ తుఫానుకి ఆ రేకులు ఎటెగిరిపోయాయో కూడా తెలీదు, ఒక చెట్టొచ్చి నేరుగా ట్రైలర్ నెత్తి మీద పడి పెద్ద సొట్ట. అప్పుడు తోటే చాలావరకు పోయింది, ఇక దీన్ని ఎవడు చూస్తాడు. అప్పట్నుంచి ఎండకీ వానకీ అలా వదిలేశాం. లోపల ప్లైవుడ్ అప్పడాల్లా పొరలు పొరలుగా లేచిపోతోంది, తలుపు పక్క మూలన కాలేస్తే నేల కిందకి దిగుతోంది.

మా చిన్నాన్న తుక్కుకి ఇచ్చేద్దాం అంటున్నారు, పాత సామాన్లోడు అల్యూమినియం కిలో 130 అంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు. ఇది ఏ కంపెనీదో ఎలా తెలుస్తుంది, బాగుచేయాలంటే ముందు ఏది మొదలెట్టాలి, యూట్యూబ్‌లో చూపించినట్టు పాలిష్ కొడితే అద్దంలా వస్తుందా? బేగి చెప్పండి, వాడు ఆదివారం లారీ తెస్తానన్నాడు.

రివెట్టు_రాజా, విజయనగరం:

తమ్ముడూ ముందు ఆ లారీని ఆపు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మాది మా నాన్న కాలం నుంచి బస్సు బాడీలు కట్టే పని. నువ్వు పెట్టిన ఫోటోల్లో మూడోది పెద్దది చేసి చూశాను, కిటికీ కింద రేకు లేచిన చోట లోపల చెక్క ఫ్రేము కనపడుతోంది, అది టేకులా ఉంది. పాత బస్సులన్నీ అంతే, చాసిస్ మీద చెక్కతో గూడు కట్టి పైన అల్యూమినియం రేకు కొట్టి, అతుకు మీద బీడింగ్ పట్టీ వేసేవారు. నా అనుమానం ఇది విదేశీ బండి కాదు, చాసిస్ ఎక్కడిదైనా ఇల్లు మాత్రం మనవాళ్ళే ఎవరో బస్సు షెడ్డులో కట్టారని. బోల్టులు ఇంచు సైజుల్లో ఉంటే ఫారిన్ బండి అనుకుంటావేమో, అప్పట్లో మన జీపులకీ లారీలకీ కూడా ఇంచు బోల్టులే, దాన్ని బట్టి ఫారిన్ అని చెప్పలేం.

ఇంకో మాట, ఆ సొట్ట గురించి కంగారు పడి టింకరింగోడి దగ్గరికి తీసుకెళ్ళకు. కారు రేకు కొట్టినట్టు అల్యూమినియం కొడితే సాగిపోతుంది, సాగిన రేకు మళ్ళీ చచ్చినా కూర్చోదు, డబ్బాలా టకటకా అంటుంది. సొట్ట వల్ల బండి చావదు. రేకు స్క్రూల చుట్టూ తెల్లగా విభూతి రాలినట్టు పొడి ఉంటే అది చూడు ముందు. ఇనప స్క్రూ అల్యూమినియం ఒకదాన్నొకటి తగిలి మధ్యలో ఉప్పు తడి చేరితే అల్యూమినియం తినేస్తుంది, మీది సముద్రం పక్క కాబట్టి ఇంకా తొందరగా తింటుంది. ఒక్కొక్క స్క్రూ తీసి ఆ చోట అల్యూమినియం రివెట్టు కొట్టుకుంటూ పోవాలి. గట్టి రివెట్టు అయితే లోపల ఒకడు డాలీ, అంటే రివెట్టు వెనక ఆనించే ఇనప దిమ్మ, పట్టుకోవాలి బయట ఒకడు కొట్టాలి, లోపలోడి చెవులు పోతాయి, దూది పెట్టుకోండి.

పలాస_టు_ఓహియో:

మాది పలాస, పదేళ్ళ నుంచి ఇక్కడ అమెరికాలో కొలంబస్ దగ్గర ఉంటున్నా. నా పిచ్చి కూడా ఇదే, మా ఇంటి వెనక 1961 షాస్టా ఎయిర్‌ఫ్లైట్ అనే పాత ట్రైలర్ ఉంది, 16 అడుగులది, వెనక రెండు పక్కలా విమానం తోకలా చిన్న రెక్కలుంటాయి, ఆ రెక్కల వల్ల ఒరిగేదేం లేదు, అందం అంతే. ఆ మోడల్ మీద జనాలకి ఎంత మోజంటే 2015లో కంపెనీయే అదే రూపంలో మళ్ళీ 1,941 బళ్ళు చేసి అమ్మింది, ఆ అంకె ఎందుకంటే కంపెనీ పుట్టింది 1941లో.

నీది ఎయిర్‌స్ట్రీమ్, అదే ఇక్కడ బాగా పేరున్న మెరిసే అల్యూమినియం ట్రైలర్, అది మాత్రం కాదు తమ్ముడూ, ఆశ పెట్టుకోకు. ఎయిర్‌స్ట్రీమ్ అయితే చివర గుండ్రం పనస తొనల్లా కోసిన రేకు ముక్కలు కలిపి రివెట్లు కొట్టి ఉంటుంది, రెండు వైపులకీ వంపు ఉంటుంది. నీదాంట్లో ఒకే రేకుని చాపలా ఒక వైపుకి వంచారు, పక్కలు చదును. ఇక్కడ ఈ ఆకారాన్ని పంది మాంసం డబ్బాతో పోలుస్తారు, పక్క నుంచి చూస్తే అలాగే ఉంటుంది మరి. లోపల చెక్క ఫ్రేము, బయట పల్చటి రేకు, 50ల్లో 60ల్లో అమెరికాలో చిన్న ట్రైలర్లు చాలావరకు ఇంతే. అదే స్పార్టన్ లాంటివైతే పూర్తిగా లోహం, అది టల్సాలో విమానాలు చేసే కంపెనీ, యుద్ధం అయ్యాక విమానాలకి గిరాకీ పోయి 1946 నుంచి ట్రైలర్లు కట్టింది. నంబరు కావాలంటే ముందు భాగంలో బండికి తగిలించే ఆ త్రికోణం ఇనుము ఉంది చూడు, దాని మీద వైర్ బ్రష్‌తో మెల్లగా గీకు, తలుపు పక్క రేకు మీద కూడా చూడు.

పాలిష్ జోలికి వెళ్ళకు. ఎయిర్‌స్ట్రీమ్ వాళ్ళది విమానాల రేకు, పైన స్వచ్ఛమైన అల్యూమినియం పొర పల్చగా ఉంటుంది, దాన్ని కూడా అతిగా రుద్దితే ఆ పొరే పోతుంది. నీది మామూలు రేకు, పైగా ఉప్పు గాలి, ఇవాళ అద్దంలా మెరిపించినా నాలుగు నెలల్లో మళ్ళీ బూడిద రంగుకి వస్తుంది. రుద్దుకుంటూ కూర్చుంటావా?

అసలు శత్రువు నీళ్ళు. నేను చేసిన తప్పు చెప్తా. కొన్న కొత్తలో అతుకులన్నిటికీ షాపులో దొరికే సిలికాన్ ట్యూబులు పూసేశా, ఒక వాన ఆగింది, ఒక చలికాలం అయ్యాక అంచులు ఊడిపోయి దాని వెనకే నీళ్ళు నిలబడిపోయాయి, బయటకి కనపడవు, లోపల చెక్క పేడలా అయ్యింది. సిలికాన్ పూసిన చోట ఇంకేదీ సరిగ్గా అంటుకోదు కూడా, ఆ జిడ్డు గీకడానికే నాకు రెండు శనాదివారాలు పట్టింది. అంచు పట్టీలు విప్పి, పాతది గీకి, కింద బ్యూటైల్ టేపు, అంటే జిగట రబ్బరు పట్టీ, వేసి మళ్ళీ బిగించాలి, అదే పద్ధతి. అప్పుడు కూడా మీద నీడ లేకపోతే ఎండకి అదీ ఎండిపోతుంది. ఇక్కడ బాగా చూసుకునే వాళ్ళంతా బండికి పైన పందిరి కడతారు. మీ తాత అదేదో ముందే కనిపెట్టాడు, ఈ థ్రెడ్‌లో అసలైన రెస్టోరర్ ఆయనే.

నిజం_చెప్తా:

ఏమనుకోకండి గానీ ఇదంతా ఎన్నారై సరదా. అమెరికాలో వాళ్ళకి అది చరిత్ర, వాళ్ళ తాతలు అందులో కాపురాలు చేశారు. మనకేటి? లక్ష పోసి బాగుచేస్తే రేపు దాన్ని ఏం చేస్తాడు, తోటలో కూర్చుని సెల్ఫీ దిగడానికా. తుక్కుకి ఇచ్చి ఆ డబ్బుతో నాలుగు కొబ్బరి మొక్కలు నాటుకోమనండి.

పలాస_టు_ఓహియో:

బాబాయ్, ఇక్కడ కూడా ఇది మొదట్నుంచీ ముద్దు చేసిన సరుకేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకి ఇళ్ళు దొరక్క వీటిలో ఉండేవారు, ట్రైలర్‌లో ఉంటున్నారంటే చిన్నచూపే. రోడ్డు మీద లాగాలి కాబట్టి వెడల్పు 8 అడుగులు దాటేది కాదు, 1954లో విస్కాన్సిన్‌లో ఎల్మర్ ఫ్రే అనే ఆయన 10 అడుగుల వెడల్పుతో కట్టాడు, ఊరూరా తిరిగేది ఒక రకం, ఒకచోట దింపి ఉండిపోయేది ఇంకో రకం అని అక్కడ్నుంచి విడిపోయాయి. 1976లో ఇక్కడి కేంద్ర ప్రభుత్వం రూల్సు పెట్టాక ఆ పాత ఇళ్ళని చాలా చోట్ల ట్రైలర్లు నిలుపుకునే పార్కుల్లోకి రానివ్వడం కూడా మానేశారు, వేలకి వేలు తుక్కైపోయాయి. మిగిలినవి తక్కువ కాబట్టే ఇప్పుడు వెతుక్కుంటున్నారు. ఆరిజోనాలో బిస్బీ అనే ఊళ్ళో ఆ పాత ట్రైలర్లనే లాడ్జి గదుల్లా అద్దెకిస్తారు, షేడీ డెల్ అని. ఇక్కడి జనాలూ మీలాగే తుక్కు అనుకున్న సరుకే అది.

బొబ్బిలి_బావ:

ఎయిర్‌స్ట్రీమ్ వాళ్ళు 1963లో సింగపూర్ నుంచి లిస్బన్ దాకా ట్రైలర్లు వరసగా కట్టుకుని మన దేశం మీదుగా వెళ్ళారని ఎక్కడో చదివాను. ఒకటి దారి తప్పి సోంపేటలో ఆగిపోయిందేమో అనుకుని ఆనందపడ్డాను, ఓహియో అన్న గాలి తీసేశాడు 😄

సరే పనికొచ్చే మాట. చెక్కకి జీడిపిక్కల నూనె రాయమని మా వైపు ముసలోళ్ళు అంటారు, పడవలకి రాసేది, పురుగు పట్టదు. పలాసలో కావలసినంత.

రివెట్టు_రాజా, విజయనగరం:

బావా మంచి మాటే గానీ చేతులు జాగ్రత్త, పచ్చి జీడి నూనె తగిలితే చర్మం కాలి బొబ్బలు లేస్తాయి. మనుషులు పడుకునే మంచం చెక్కకి అసలొద్దు. కింద నేల చెక్కలకి, అదీ బయటి వైపు, గ్లౌజులు వేసుకుని.

రిటైర్డ్_టీచరమ్మ:

బాబూ, మాది శ్రీకాకుళం. నిజం చెప్తా గారు మనకేటి అన్నారు కాబట్టి రాస్తున్నాను. మా చిన్నప్పుడు సర్కస్ దిగితే డేరా కంటే ముందు మేము చూసేది వాళ్ళ చక్రాల ఇళ్ళనే. ఒకావిడ రేకు గుమ్మంలో కూర్చుని మెరుపుల గౌను మీదే ఉల్లిపాయలు తరగడం నాకింకా కళ్ళ ముందుంది. అలాంటి బండి ఒక్కటైనా ఎక్కడైనా దాచారా అంటే నేనైతే చూడలేదు. నీ బండి ఎవరు కట్టారో తేలకపోయినా, అందులోంచి ఎవరెవరికి కూలి డబ్బులు వెళ్ళాయో చెప్పగలిగే వాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉండే ఉంటారు. వాళ్ళ దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చెయ్యి నాయనా, రేకు కంటే వాళ్ళు ముందు వెళ్ళిపోతారు.

ఫైళ్ళ_పురుగు:

రోడ్డెక్కించాలని ఉంటే ఒక మాట. 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల రూల్సు చదివి ఆశపడకండి. అది 50 ఏళ్ళు దాటిన, సొంతానికి వాడే టూవీలర్లు ఫోర్‌వీలర్ల గురించి రాసింది, ఫీజు 20 వేలు, నంబరు మధ్యలో వీఏ అని వస్తుంది. ట్రైలర్‌కి రిజిస్ట్రేషన్ వేరే లెక్క, మీ దగ్గర వేలం కాగితం ఉందో లేదో కూడా తెలీదు. తోటలో కదలకుండా ఉంచుకుంటే ఈ తలనొప్పి ఏదీ లేదు. కానీ టైర్ల మీద మాత్రం నిలబెట్టకండి, నాలుగు మూలలా ఇటుక దిమ్మలు కట్టి ఇరుసు మీద బరువు తీసెయ్యండి.

ఉద్దానం_కుర్రోడు:

అందరికీ థాంక్స్, రెండు రోజులు సిగ్నల్ లేక రాయలేకపోయాను.

లారీ ఆపాను. త్రికోణం ఇనుము గీకితే నాలుగంకెలు బయటపడ్డాయి, 2 తర్వాత 7, మిగతా రెండూ తుప్పు తినేసింది, కంపెనీ పేరు లేదు. తలుపు రేకు మీద ఏమీ లేదు.

నిన్న నీళ్ళ పరీక్ష పెట్టాం. నేను టార్చి పట్టుకుని లోపల కూర్చున్నా, అమ్మ నిచ్చెన మీద నిలబడి బిందెతో ఒక్కో చోటా పోస్తూ "కారుతోందేట్రా" అని అరుస్తోంది. సొట్ట మీద మూడు బిందెలు పోసింది, ఒక్క చుక్క రాలేదు! నేను ఆరేళ్ళ నుంచీ తిట్టుకుంటున్నది ఆ సొట్టనే. పైన గాలి కోసం పెట్టిన చిన్న మూత ఉంది, దాని పక్కన అర చెంబు పోసిందో లేదో గోడ లోపల నుంచి సరసరా దిగి సరిగ్గా ఆ కుళ్ళిన మూలకి వెళ్ళింది. ఎక్కి చూస్తే మూత చుట్టూ తారు పూసి ఉంది, తాత పూసిందే అయ్యుంటుంది, ఎండకి పగిలి పెంకులు లేచిపోయింది. స్క్రూల చుట్టూ రాజా అన్న చెప్పిన విభూతి కూడా ఉంది.

ప్రస్తుతానికి టార్పాలిన్ కప్పాను, రేకుకి తగలకుండా కింద వెదురు బద్దలు పెట్టి గాలాడేలా. వచ్చే వారం పాక వేయిస్తున్నాం, కొబ్బరాకుకి మన తోటలో కరువేం లేదు కదా. టీచరమ్మ గారూ, మా ఊళ్ళో తాత దగ్గర పని చేసిన ముసలాయన ఒకరున్నారు, రేపు వెళ్తున్నా.

చిన్నాన్నకి నీళ్ళ సంగతి చెప్పాను. అంతా విని, పాత సామాన్లోడు 135కి పెంచాడ్రా అన్నారు.