పెళ్ళి ఫొటోగ్రాఫర్ మీద కన్స్యూమర్ కేసు వేయొచ్చా?

హన్మకొండ తమ్ముడు:
మొన్న ఫిబ్రవరిలో అక్క పెళ్ళయింది. ఫొటోలు, వీడియో కలిపి హైదరాబాద్ వాళ్ళతో లక్షా 80 వేలకు మాట్లాడుకుని లక్షన్నర ఇచ్చేశాం. కొటేషన్‌లో ఇద్దరు క్యాండిడ్ వాళ్ళు (పోజులు పెట్టించకుండా సహజంగా ఫొటోలు తీసేవాళ్ళు), ఒక వీడియోగ్రాఫర్, డ్రోన్, 40 షీట్ల ఆల్బమ్‌లు రెండు అని రాసి ఉంది. తీరా చూస్తే వచ్చింది ఇద్దరు కుర్రాళ్ళే, డ్రోన్ ఊసే లేదు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే టైముకి ఒకడు బ్యాటరీ మార్చుకుంటున్నాడు, ఇంకొకడు భోజనాల దగ్గర ఉన్నాడు, అడ్డుతెర తీసేశాక నుంచే వీడియో ఉంది. ఆల్బమ్ ఒక్కటే ఇచ్చాడు, అదీ 28 షీట్లు, అందులోనూ మా పిన్ని వాళ్ళ ఫొటో రెండుసార్లు వేశాడు. అడిగితే మిగతా 30 వేలు కడితేనే హార్డ్ డిస్క్ ఇస్తానంటున్నాడు. పోలీసులేమో ఇది సివిల్ మ్యాటర్ అన్నారు. స్టాంపు పేపర్ లాంటిదేం లేదు, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ ఒక్కటే. కొటేషన్ నాన్న పేరు మీద ఉంది, డబ్బులు పోయింది నా ఫోన్‌పే నుంచి. కేసు నిలబడుతుందా?

బెజవాడ అడ్వకేట్:
స్టాంపు పేపర్ లేకపోతే కొంప మునగదు తమ్ముడూ. వాడు రేటు పంపాడు, మీరు సరే అన్నారు, అడ్వాన్సు తీసుకున్నాడు, ఒప్పందం అయిపోయింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇది సేవా లోపం. కట్టిన డబ్బు 50 లక్షలు దాటలేదు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్ళాలి, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. వాడి ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా మీరుండే చోటే వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా). నాన్న, అక్క ఇద్దరి పేర్లూ పెట్టండి, నీ పేమెంట్ స్క్రీన్‌షాట్లు జత చెయ్యి. గడువు రెండేళ్ళు. ముందు స్పీడ్ పోస్టులో వాడికి నోటీసు పంపండి, 15 రోజులు టైమివ్వండి. ఈలోపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టండి, కొందరు అక్కడే దారికొస్తారు.

క్యాటరింగ్ బాధితుడు:
మేం మా తమ్ముడి పెళ్ళిలో క్యాటరింగ్ వాళ్ళ మీద వేశాం. చెప్పిన ఐటమ్స్ సగం రాలేదు, రెండో పంక్తికే పెరుగు అయిపోయింది, కానీ ఎన్ని ప్లేట్లు వడ్డించారో నిరూపించడానికి మా దగ్గర ఏముంది? తిన్నవాళ్ళు తిని వెళ్ళిపోయారు. మీకా ఇబ్బంది లేదు, వాడిచ్చిన ఆల్బమే వాడి మీద సాక్ష్యం. షీట్లు లెక్కపెట్టి చూపిస్తే చాలు. అయితే మానసిక వేదన పేరు చెప్పి పది లక్షలు అడక్కండి. మేం అలాగే అడిగాం, వచ్చింది అందులో పిసరంత. ఏయే పని చేయలేదో దానికి తగ్గ డబ్బు, పైన కొంత పరిహారం, ఖర్చులు అడగండి. ఓపిక మాత్రం కావాలి, వాయిదాల మీద వాయిదాలు.

కెమెరా మామ:
నేనూ ఇదే ఫీల్డు, ఒక్క మాట వినండి బ్రో. కేసు సంగతి తర్వాత, ముందు డేటా చేతికి తెచ్చుకోండి. సీజన్ వస్తే పాత పెళ్ళిళ్ళ డేటా చెరిపేసి కొత్తవి ఎక్కించేవాళ్ళున్నారు. అది పోయిందంటే ఏ కోర్టూ తెచ్చివ్వలేదు. అవసరమైతే ఆ 30 వేలు పడేయండి, కానీ "డేటా కోసమే కడుతున్నాం, మా అభ్యంతరాలు అలాగే ఉన్నాయి" అని మెసేజ్ పెట్టి మరీ కట్టండి. ఫుల్ సెటిల్‌మెంట్ అని ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టొద్దు.

హన్మకొండ తమ్ముడు:
థాంక్స్ అన్నా అందరికీ. కమిషన్ నోటీసు పంపినా వాడు రాకపోతే?

బెజవాడ అడ్వకేట్:
జవాబు ఇవ్వడానికి నోటీసు అందాక 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అప్పటికీ రాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే వాడు లేకుండానే, మీ సాక్ష్యం చూసి తేలుస్తారు. ఆర్డర్ వచ్చాక కూడా కట్టకపోతే అమలు పిటిషన్ వేయండి, అందులో నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. వాట్సాప్ చాట్ మాత్రం ఇవాళే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకో.