పొటాషియం సిరప్ తాగితే కడుపు మంట. మాత్రలకు మారవచ్చా?

ప్రశ్న:
అమ్మకి 67 ఏళ్లు. కాళ్ల వాపుకి ఫ్యూరోసెమైడ్, బీపీకి టెల్మిసార్టన్ వాడుతోంది. మొన్న రక్తపరీక్షలో పొటాషియం 3.1 వచ్చింది. డాక్టరుగారు పొటాషియం క్లోరైడ్ సిరప్ రాశారు. పూటకి 15 మి.లీ., రోజుకి రెండుసార్లు, అయిదు రోజులు. అమ్మ దాన్ని మూతతో కొలిచి అలాగే గుటుక్కున మింగుతోంది. కాసేపటికే కడుపులో మంట, వికారం. నిన్న రాత్రి ఇక తాగనని మొండికేసింది. దీని బదులు మాత్రలు వేయొచ్చా? మా పిన్ని ఏమో నీరసానికి మంచిదేగా, అయిదు రోజులకే ఆపడం ఎందుకు, నెల వాడండి అంటోంది. ఉప్పు బదులు పొటాషియం ఉప్పు కూడా వాడమంటోంది. ఏం చేయాలో తెలియడం లేదండీ, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
నేను ఫార్మసిస్టునండీ. మంటకి కారణం మీ ప్రశ్నలోనే ఉంది: నీళ్లు కలపకుండా తాగుతున్నారు. ఆ 15 మి.లీ.లో సాధారణంగా 20 మిల్లీఈక్వివలెంట్లు, అంటే దాదాపు 780 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అంత గాఢమైన ఉప్పునీరు నేరుగా పడితే ఏ కడుపైనా మండుతుంది. భోజనం అయ్యాక, కనీసం అర గ్లాసు చల్లటి నీళ్లలో కలిపి, అయిదు పది నిమిషాల పాటు కొద్దికొద్దిగా చప్పరించమనండి. చాలామందికి దీంతోనే సర్దుకుంటుంది. అయినా తగ్గకపోతే అప్పుడు మాత్రల సంగతి డాక్టరుగారిని అడగండి. డోసు లెక్క వేరు కాబట్టి మీ అంతట మీరు మార్చకండి.

ఇక మీ పిన్నిగారి మాట. అమ్మ మీద ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ దయచేసి వినొద్దు. పొటాషియం బలం మందు కాదు. రక్తంలో అది 3.5 నుంచి 5 మధ్యే ఉండాలి. తగ్గినా పెరిగినా గుండె లయ తప్పుతుంది. ఎక్కువైన దాన్ని బయటకి పంపేది ముఖ్యంగా కిడ్నీలే. ఇప్పుడు అమ్మగారి మందులు చూడండి. ఫ్యూరోసెమైడ్ పొటాషియాన్ని మూత్రంలో పంపేస్తుంది, టెల్మిసార్టన్ ఒంట్లోనే ఉంచేస్తుంది. ఈ రెండింటి మధ్య సిరప్ కూడా పోస్తే లెక్క ఎటు తేలుతుందో ఇంట్లో కూర్చుని చెప్పలేం. రక్తపరీక్షే చెప్పాలి. అయిదు రోజులని గీత గీసింది అందుకే.

పొటాషియం ఉప్పు అసలు వద్దు. పూర్తిగా పొటాషియం క్లోరైడే ఉన్న రకమైతే పావు టీస్పూన్‌లోనే 600 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. అంటే కూరలో ఇంకో డోసు కలిపినట్టే. కీళ్ల నొప్పులకి ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకునే అలవాటు ఉంటే అదీ డాక్టరుగారికి చెప్పండి. అవి కిడ్నీ పనిని తగ్గించి పొటాషియాన్ని పెంచుతాయి.

జవాబు 2:
పైన చెప్పినవన్నీ నిజం. మాత్రల గురించి నా అనుభవం చెప్తాను. మా నాన్నగారికి మింగడం కష్టమని నిదానంగా కరిగే పొటాషియం మాత్రని నేనే నూరి నీళ్లలో కలిపి ఇచ్చాను. గంటల తరబడి కొంచెం కొంచెంగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా దిగింది. ఆయన రాత్రంతా ఛాతీ పట్టుకుని కూర్చున్నారు. ఇప్పటికీ తలచుకుంటే బాధగా ఉంటుంది. ఆ మాత్రని నూరకూడదు, నమలకూడదు. తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు. గొంతులో ఆగితే అక్కడే పుండు పడుతుంది. ఇంకోటి, కొన్ని రకాల్లో మందు కరిగిపోయాక ఖాళీ పెంకు విరేచనంలో కనిపిస్తుంది. మాత్ర అరగలేదనుకుని మళ్లీ వేయొద్దు.

పరీక్ష విషయం కూడా. ఒకసారి నాన్నగారికి 5.9 వచ్చింది. ఇంటిల్లిపాదీ హడలిపోయాం. డాక్టరు వెంటనే ఈసీజీ తీసి, మళ్లీ రక్తం తీయిస్తే 4.4. మొదటిసారి నరం దొరక్క చాలాసేపు పిడికిలి బిగించి తెరిచి చేయించారు. అలా చేసినా, శాంపిల్లో రక్తకణాలు చిట్లినా అంకె పెరిగి కనిపిస్తుందట. అలాగని ఎక్కువ వస్తే తప్పుడు రిపోర్టేలే అని ఇంట్లో కూర్చోవద్దు. అదే రోజు డాక్టరుకి చూపించాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న రాత్రి మానేసిన డోసు ఇవాళ కలిపి ఇవ్వాలా? ఏం కనిపిస్తే ఆస్పత్రికి పరిగెత్తాలి?

జవాబు 1:
కలిపి ఇవ్వొద్దు. ఎప్పటి డోసు అప్పుడే. కాళ్లూ చేతులూ పట్టు తప్పినట్టు బలహీనపడినా, గుండె దడదడలాడినా, కొట్టుకోవడం మధ్యలో ఆగినట్టు అనిపించినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. మలం నల్లగా వచ్చినా, కడుపునొప్పి తీవ్రంగా ఉన్నా అంతే. కానీ ఒక్కోసారి ఏ సూచనా లేకుండానే పొటాషియం పెరిగిపోతుంది, కాబట్టి ఒంట్లో బాగానే ఉందని పరీక్ష మానొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మూత్రం బాగా తగ్గినా తర్వాతి డోసుకి ముందే డాక్టరుకి ఫోన్ చేయండి. పొటాషియంతో పాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), మెగ్నీషియం కూడా చూస్తారేమో అడగండి. మెగ్నీషియం తక్కువగా ఉంటే ఎంత పొటాషియం పోసినా నిలవదు.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ టిఫిన్ అయ్యాక గ్లాసు నీళ్లలో కలిపి పక్కనే కూర్చుని తాగించాను. మొహం చిట్లించింది కానీ మంట లేదంది. డాక్టరుగారికి ఫోన్ చేశాను. సిరప్ ఇలాగే కొనసాగించమన్నారు, అయిదో రోజు తర్వాత మూడు పరీక్షలూ చేయించమన్నారు. పొటాషియం ఉప్పు ప్యాకెట్ పిన్నికి తిరిగి ఇచ్చేశాను. ఆవిడ కూడా బీపీ మాత్ర వేసుకుంటుందని అప్పుడే తెలిసింది. ఆ మాత్ర పేరు కనుక్కుని ఇక్కడ పెడతాను, కాస్త చూడండి.