రహదారిలో ఉన్న ‘దారి’ మన దారేనా?

గ్రూపులో ఒక తమ్ముడి ప్రశ్న: “రాహ్ అంటే దారి, దారి అంటే దారి. మరి ‘రాజీవ్ రహదారి’ అంటే రాజీవ్ దారి దారి అనా? గేటు దర్వాజా అన్నట్టు లేదూ?”

లేదు తమ్ముడూ. రెండు భాషల మాటలు అతికి పుట్టిందని చాలామంది అనుకుంటారు కానీ రహదారి మొత్తం పారసీ మాటే. రాహ్ అంటే దారి. దాని పక్కనున్నది జమీందారీ, జాగీర్దారీలలో ఉన్న ‘దారీ’. జమీన్ చేతిలో ఉన్నవాడు జమీందారు అయినట్టే, దారికి కాపలా ఉన్నవాడు రాహ్‌దార్. అతని పని, ఆ పని పేరుతో బాటసారుల దగ్గర వసూలు చేసే సుంకం రాహ్‌దారీ. ఔరంగజేబు తన ఏలుబడి మొదట్లో రద్దు చేసిన పన్నుల్లో ఇదీ ఉంది. రద్దయినా కింద జాగీర్దార్లు వసూలు మానలేదని మొఘల్ కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. తెలుగులో ‘రహదారి చీటి’ అని ఉండేది, దారిలో ఆపినవాళ్ళకు చూపించే అనుమతి పత్రం. చివర్న వినబడేది మన దారిలాగే ఉండటంతో సుంకం, చీటీ రెండూ జారిపోయి పెద్ద రోడ్డు అనే అర్థం నిలిచిపోయింది. ఉర్దూలో మాత్రం ఇప్పటికీ రాహ్‌దారీ అంటే కారిడార్.

ఇక్కడే నాకు ఆ రోడ్డు ముచ్చట చెప్పాలనిపిస్తుంది. రాజీవ్ రహదారి మన తెలంగాణ రాష్ట్ర రహదారి నంబరు 1. సికింద్రాబాద్‌లో కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట దగ్గర ఊపిరి పీల్చుకుంటుంది. అక్కడి నుంచి ప్రజ్ఞాపూర్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా రామగుండం. జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)లో కరీంనగర్ బస్సెక్కినవాళ్ళకు ఆ మొదటి ముక్క ఎంత టెన్షనో తెలుసు. పక్కనంతా కంటోన్మెంట్, రక్షణ శాఖ భూములు, అందుకే వెడల్పు చేయడం ఏళ్ళ తరబడి ఆగింది. 2024లో కేంద్రం ఆ భూములకు అనుమతి ఇవ్వడంతో ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ కారిడార్ పని కదిలింది. అంటే ఉర్దూవాళ్ళ లెక్కన రహదారి మీద ఇంకో రహదారి!

ఇక ఇదే రోడ్డు మీద దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్‌లలో టోల్‌గేట్లు. పాత అర్థంలో అసలైన రహదారీ అక్కడే కట్టించుకుంటున్నారు.

హనుమకొండ నుంచి ఒక అక్క: “మరి మనం ఇంట్లో ఆ మాట అననే అనం కదా?”

నిజమే అక్కా. ఇంట్లో మనకు తొవ్వ, బాట, సడక్. జాతీయ రహదారి 163 అయినా కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా దాకా మనకది హైదరాబాద్ రోడ్డే, చౌరస్తా దాటితే ములుగు రోడ్డు. ఉప్పల్‌లో దాన్నే వరంగల్ హైవే అంటారు. ఎటు పోతుందో ఆ ఊరి పేరు పెట్టుకోవడమే మనవాళ్ళ పద్ధతి. రహదారి బోర్డుల మీదా పేపర్లలోనూ బతికే మాట. కరీంనగర్, సిద్దిపేటల వైపు మాత్రం ‘రాజీవ్ రహదారి’ అని నోటితో అంటారు, ఆ ఒక్క రోడ్డు పుణ్యమా అని. పరాయి మాట అని దీన్ని తీసేయాలనేవాళ్ళతో నేను ఒప్పుకోను. తీసేస్తే చౌరస్తాను కూడా తీసేయాలి, హనుమకొండలో అది అయ్యే పని కాదు.

ఎవరింట్లోనైనా పాత దస్తావేజుల మధ్య రహదారి చీటి ఉంటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.