కంపెనీలు సమాజ సేవకి ఖర్చు చేసే సీఎస్‌ఆర్ నిధికి మూడేళ్ల అనుభవం ఎలా చూపించాలి?

మాది కోనసీమలో ఒక లంక గ్రామం. వరదొస్తే పిల్లలు పడవ మీదే హైస్కూలుకి వెళ్లాలి, నీరు ఎక్కువైతే అదీ ఉండదు. అందుకే మా యువజన సంఘం 2019 నుంచి రామాలయం అరుగు మీద సాయంత్రం ట్యూషన్ నడుపుతోంది. సొసైటీగా రిజిస్టర్ చేయించింది మాత్రం 2024 జూన్‌లో. సొసైటీ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏ, దాతలకి పన్ను రాయితీ ఇచ్చే 80జీ వచ్చాయి. ఈ నిధులతో పనిచేసే సంస్థలు వేయాల్సిన సీఎస్‌ఆర్-1 ఫారం వేసి నంబరు కూడా తీసుకున్నాం.

మా మండలంలో పైపులైన్ ఉన్న ఒక కంపెనీకి పుస్తకాలు, నాలుగు కంప్యూటర్ల కోసం దరఖాస్తు పెట్టాం. సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేసేటప్పుడు తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ చెబుతుంది కదా, ఆ ధైర్యంతోనే అడిగాం. ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలని, మాకు అది లేదని తిప్పి పంపారు.

పాత ఫొటోలు, హాజరు పుస్తకాలు, సర్పంచ్ గారి లెటరు జతచేసి మళ్లీ పంపాం. ఆడిట్ చేసిన లెక్కలు కావాలన్నారు. రిజిస్ట్రేషన్‌కి ముందు చందాలతో నడిపిన సంఘానికి ఆడిట్ ఎక్కడిది? మా ఆడిటర్ గారూ తేల్చి చెప్పలేకపోతున్నారు. పదో తరగతి పిల్లలకి ఈ ఏడాదైనా ఏదో ఒకటి అందాలని మా ఆరాటం.

రిజిస్ట్రేషన్‌కి ముందు చేసిన పనిని ఏ కంపెనీ అయినా అనుభవంగా ఒప్పుకున్నది మీకు తెలిస్తే, ఏ కాగితాలు చూపించారో చెప్పగలరా?