1870కి ముందు పూర్వీకుల పేర్లు కోర్టు కాగితాల్లో వెతికేదెలా?

అందరికీ నమస్కారం. మా కోడలిది అమెరికాలోని సెయింట్ లూయిస్, ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబం. మనవడికి మా వైపు వంశవృక్షం రాసిచ్చాను, ఇప్పుడు వాళ్లమ్మ వైపుదీ కావాలంటున్నాడు. 1870 జనాభా లెక్కల దాకా బాగానే దొరికింది. అంతకుముందువే చిక్కు. 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరుంటుంది. బానిసలకు వయసు, ఆడా మగా, రంగు, దాదాపు అంతే.

కోడలి పూర్వీకుల యజమాని అనుకుంటున్న ఒకాయన చనిపోయాక కోర్టులో దాఖలైన ఆస్తి జాబితా దొరికింది. కంచర గాడిదలు, మంచాల సరసనే ఒక తల్లి, బిడ్డ, ఎదురుగా వెల. ఇంటిపేరు లేదు. చదువుతుంటే కడుపులో దేవినట్టయింది.

ఇక్కడి నుంచి ఎటు వెళ్లాలి? 1846లో డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసినలాంటి స్వేచ్ఛ దావాలు (తమను విడిపించమని బానిసలే వేసిన కేసులు) సెయింట్ లూయిస్ సర్క్యూట్ కోర్టులో 300కు పైగా ఉన్నాయి. ముందు వాటిలో సాక్షుల వాంగ్మూలాలు చూడాలా, లేక ఆ యజమాని వారసుల పంపకాలు, అప్పుల కేసులు పట్టుకోవాలా? ఒకే పేరున్న ఇద్దరిని వేరుచేసేదెలా? ఇలాంటివి వెతికినవాళ్లు చెప్పండి. పాత గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లయితే మరీ మంచిది, నాకైతే ఒక్క ముక్క కొరుకుడు పడట్లేదు.