గులాబి పరుగు, పాటల విభావరి: క్యాన్సర్ రోగుల సహాయానికి ఇది తగిన దారేనా?

యువజన బృందం సభ్యుడు, విజయనగరం:

ఈ అక్టోబరులో మా బృందం ఒక కార్యక్రమం తలపెట్టింది. ఉదయం అయోధ్యా మైదానం నుండి గులాబి రంగు దుస్తుల్లో ఐదు కిలోమీటర్ల పరుగు, సాయంత్రం ఆనంద గజపతి ఆడిటోరియంలో పంచెకట్టు, పట్టుచీరల వేషధారణతో పాతతరం సినిమా పాటల విభావరి జరపాలని, పరుగుకు రెండు వందలు, విభావరికి మూడు వందల రూపాయల టికెట్టు పెట్టి, ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును జిల్లాలోని పేద క్యాన్సర్ రోగులకు అందజేయాలని అనుకున్నాం. ఘంటసాల సంగీతం నేర్చుకున్న ఊరు కనుక పాటలకు జనం వస్తారన్న నమ్మకం మాకుంది. అయితే ప్రతిపాదన వినగానే కొందరు పెద్దలు, ప్రాణాల మీదికి వచ్చిన రోగం పేరు చెప్పి వేషాలు వేసుకుని పాటలు పాడుకోవడం ఏమిటని ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో న్యాయం ఉందా అన్న విషయంపై అందరి అభిప్రాయాలూ తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కంటోన్మెంట్:

పాటలు పాడుకోవడం తప్పని నేను అనను. కష్టకాలంలో కళాకారులు వేషం కట్టి విరాళాలు అడగడం తెలుగువారికి కొత్త కాదు. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు పేరున్న సినిమా నటులే వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు. వారిని చూడడానికి వచ్చినవారే జోలెలో డబ్బు వేశారు, దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

నా అభ్యంతరం వేరు. పరుగుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ టీషర్టు, పతకం, ఉపాహారం ఇస్తామని మీ కరపత్రంలో ఉంది. టీషర్టుకే నూట యాభై రూపాయలు అవుతుందనుకుంటే రెండు వందల టికెట్టులో ఇంకేం మిగులుతుంది? సాయంత్రం వాద్యబృందానికి, మైకుసెట్టుకు, లైట్లకు, ఫ్లెక్సీలకు, అతిథుల శాలువలకు, జ్ఞాపికలకు అయ్యే ఖర్చు టికెట్ల సొమ్ము నుంచే తీస్తే రోగికి చేరేది ఎంగిలి మెతుకులే. "ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము" అన్న ఈ ఒక్క మాట దగ్గరే నాకు భయం. ఎందుకంటే, ఎంత మిగలాలో ముందుగా ఎవరూ చెప్పరు, ఎంత మిగిలిందో తరువాత ఎవరూ అడగరు.

ఇంకొక సంగతి. విరాళాలపై పన్ను మినహాయింపుకు అర్హత ఇచ్చే 80జీ గుర్తింపు ఉన్న సంస్థకు విరాళమిస్తే, పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఆదాయపు పన్నులో కొంత మినహాయింపు దొరుకుతుంది గాని, కచేరీ చూడడానికి కొన్న టికెట్టు విరాళం కింద చెల్లదు. నగదు రూపంలో రెండు వేలకు మించి ఇచ్చిన విరాళానికి కూడా మినహాయింపు రాదు. పెద్ద మొత్తం ఇవ్వగల వర్తకులు ఈ రెండూ చూసుకున్నాకే జేబులో చెయ్యి పెడతారు. వారి వద్దకు చందా పుస్తకంతో నేరుగా వెళితే అయిపోయేదానికి ఇంత హంగామా ఎందుకన్నదే నా ప్రశ్న.

యువజన బృందం సభ్యుడు:

మాస్టారూ, చందా పుస్తకంతో మేము వెళ్లి చూశాం. దసరా పందిళ్లకు, పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి, దాని ముందురోజు తొలేళ్లకు అప్పటికే చందాలు రాసి ఉన్న వర్తకుడు మా పుస్తకం తెరవకుండానే తిరిగి ఇచ్చేస్తాడు. అదే వర్తకుడు తన కూతురు వేదికపై పాడుతోందంటే పది టికెట్లు కొంటాడు. మనుషులు ఇలాగే ఉంటారు, దీన్ని కాదని లాభం లేదు.

పరుగు ఉత్త హంగామా అన్నారు. కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే యువకుడు ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోగొట్టుకుని, కృత్రిమ కాలితో 1980 ఏప్రిల్‌లో దేశం ఈ చివర నుండి ఆ చివరకు పరుగు మొదలుపెట్టాడు. ఐదు వేల కిలోమీటర్లు దాటాక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయి, మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. ఆ ఏడాది నుండి అతని పేరుతో జరుగుతున్న పరుగులు క్యాన్సర్ పరిశోధనకు ఎంతో ధనాన్ని కూడబెట్టాయి. అతను చందా పుస్తకం పట్టుకుని ఇంట్లో కూర్చుని ఉంటే ఆ ధనం వచ్చేది కాదు.

ఆరోగ్య కేంద్రం నర్సు, చీపురుపల్లి ప్రాంతం:

మీరిద్దరూ డబ్బు ఎంత వస్తుంది, ఎంత మిగులుతుంది అన్న దగ్గరే ఆగిపోయారు. నాకు ఆ గులాబి రంగు మీదే పేచీ ఉంది. అది రొమ్ము క్యాన్సర్‌కు గుర్తుగా 1990ల తొలినాళ్లలో అమెరికాలో వాడుకలోకి వచ్చిన రంగు. రొమ్ము క్యాన్సర్ మన దగ్గర లేదని నేను అనడం లేదు. ఉంది, దాని గురించి ఇంకా చాలా చెప్పాలి. కానీ ఉత్తరాంధ్ర పేరు వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది వేరొక క్యాన్సర్ వల్ల. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ మన పల్లెల్లో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో, తరతరాలుగా వస్తున్న అలవాటు. 1960లలో ముంబయి పరిశోధకులు దేశంలోని ఐదు జిల్లాల్లో యాభై వేల మందికి పైగా గ్రామీణుల నోళ్లు పరీక్షించినప్పుడు ఆ ఐదింటిలో ఒకటి శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా చీపురుపల్లి, బొబ్బిలి కూడా ఆ జిల్లాలోనివే కనుక అది మన కథ కూడా.

నిప్పు లోపల ఉండడం వల్ల ఆ వేడీ పొగా నోటి పైభాగమైన అంగుడికి నేరుగా తగులుతాయి. మొదట అంగుడు తెల్లబారి మందమవుతుంది, దాని మీద ఎర్రని చుక్కలు తేలుతాయి, కొందరిలో కొన్నేళ్లకు అది పుండై మానదు. మామూలుగా పొగతాగేవారికి అంగుడిలో క్యాన్సర్ రావడం అరుదు, అడ్డపొగ తాగేవారికి మాత్రం తరచుగా వచ్చేది అక్కడే. గాలికి చుట్ట ఆరిపోదనీ, బూడిద పనిమీద రాలదనీ, పంటి పోటు తగ్గుతుందనీ వాళ్లు చెప్పే కారణాలు విన్నాక, మానేయమని ఒక్క మాట అనేసి వచ్చేస్తే మానరని నాకు అర్థమైంది. ఇప్పటి కోడళ్లలో ఈ అలవాటు బాగా తగ్గింది, కానీ అత్తలు ఇంకా ఉన్నారు.

ఆ అత్తలెవరూ గులాబి టీషర్టు వేసుకుని అయోధ్యా మైదానానికి రారు. అందుచేత ఇతివృత్తమంటూ ఒకటి పెట్టదలిస్తే దాన్ని రొమ్ము క్యాన్సర్ అవగాహన నెలగా పాటించే అక్టోబరు క్యాలెండరు నుంచి కాకుండా మన జిల్లా రోగం నుంచి తీసుకోండి. తప్పెటగుళ్ల జానపద కళాకారుల దళాన్ని పిలిచి పల్లె రచ్చబండ దగ్గర ఆడించి, ఆ పాటల్లో అడ్డపొగ సంగతి చెప్పించి, మరునాడు ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూడవచ్చు. ముప్పై ఏళ్లు దాటిన వారందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. నోటి పరీక్షకు యంత్రం అక్కర్లేదు, టార్చిలైటు, శిక్షణ పొందిన కన్ను చాలు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో ఇలా నోరు చూడడం మీద ఏళ్ల తరబడి జరిగిన అధ్యయనం, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు తగ్గాయని 2005లో తేల్చింది. మీ విభావరికి లైట్లు పెట్టించే ఖర్చుతో ఎన్ని పల్లెలు తిరగవచ్చో బ్యాంకు మాస్టారే లెక్క కట్టాలి.

రైతు, రాజాం మండలం:

అమ్మగారు చెప్పిన అత్తల్లో మా అమ్మ ఒకరు. ముందుగా నోరు చూసేవాళ్లు లేక ఆలస్యమైంది, అది వేరే సంగతి. సహాయం అందుకున్న ఇంటివాడిగా రెండు విషయాలు చెప్పదలచుకున్నాను.

ఆపరేషను, కరెంటు పెట్టడం (రేడియేషన్), మందులు ఎక్కించడం (కీమో) ప్రభుత్వ వైద్యసేవ కార్డు మీదే జరిగాయి. మా చేతి డబ్బు పోయింది వేరేచోట. ఫలానా రోగమని తేలకముందు చేసిన స్కానింగు, ముక్కపరీక్ష (బయాప్సీ) చేతి ఖర్చే అయ్యాయి. కరెంటు సోమవారం నుండి శుక్రవారం దాకా రోజూ పెడతారు, అలా ఆరు వారాలు. రాజాం నుండి విశాఖ అవతల అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రి దాకా రోజూ వెళ్లి రావడం ఆ వయసు మనిషికి అయ్యే పని కాదు. గది అద్దె, నా తిండి, ఊళ్లో నా బదులు పొలానికి పెట్టిన కూలి, ఇవన్నీ ఏ కార్డులోనూ లేవు. రైలులో క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లే మనిషికి టికెట్టు మీద రాయితీ ఉందని మాకు చివరిలో తెలిసింది. స్లీపరులో రోగికి పూర్తిగా ఉచితం, తోడువారికి నాలుగింట మూడు వంతులు తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే పత్రం ఉంటే చాలు. ఈ ముక్క మీ టికెట్టు వెనక అచ్చు వేసినా పుణ్యమే.

రెండవది. ఒక సంస్థవారు సహాయం చేస్తామని పిలిచి, అమ్మను వేదిక ఎక్కించి, తలగుడ్డ తీయించి, అట్టముక్క మీద రాసిన పెద్ద చెక్కు చేతిలో పెట్టి ఫొటోలు తీసుకున్నారు. అసలు డబ్బు చాలా రోజులకు వచ్చింది. ఆ ఫొటో మా ఊరి ఫోన్లన్నింటిలో తిరిగింది, పెళ్లి కావలసిన నా చెల్లెలి సంబంధం ఒకటి ఆ తరువాతే ఆగిపోయింది. మీరు పాటలు పెట్టుకోండి, వేషాలు వేసుకోండి, నాకేమీ బాధ లేదు. రోగిని మాత్రం వేదిక ఎక్కించకండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

రాజాం రైతుగారు చెప్పినదాన్ని బట్టి చూస్తే, ఒకేసారి ఐదు వేల చెక్కు ఇవ్వడం కంటే కరెంటు జరిగే ఆరు వారాలూ వారం వారం గది అద్దె, భోజనం కట్టడం మేలు. రోగుల పేర్లను ఆసుపత్రిలోని సాంఘిక సేవా విభాగం ద్వారా తీసుకోవచ్చు, డబ్బు నేరుగా రోగి ఖాతాకే పంపవచ్చు. అలాగైతే ఫొటో అవసరమే రాదు.

ఇక టెర్రీ ఫాక్స్ ఉదాహరణ. ఆ పరుగుకు ప్రవేశ రుసుము ఉండదు, కనీస విరాళమంటూ ఉండదు, ఎవరి శక్తి కొద్దీ వారిస్తారు. ఎవరు ముందొచ్చారన్న పోటీ కూడా ఉండదు. మీరు ఆయన పేరు తీసుకుని, పద్ధతిని మాత్రం వదిలేశారు. నా షరతు ఒక్కటే: విభావరి ఖర్చంతా దాతల నుండి ముందే సమకూరాలి, అది సమకూరనిదే ఆడిటోరియం బుక్ చేయకూడదు, టికెట్టు మీద వచ్చిన ప్రతి రూపాయీ విడి ఖాతాలో పడాలి. ఆ ఖాతా వివరాలను నెల తిరగకుండా గంటస్తంభం దగ్గర నోటీసుగా అంటించండి. ఇది చేస్తే మొదటి టికెట్టు నేనే కొంటాను. చేయకపోతే నర్సమ్మగారి పల్లెలకు టార్చిలైట్లు కొని ఇస్తాను.

యువజన బృందం సభ్యుడు:

టీషర్టులు, పతకాలు, శాలువలు తీసేస్తాం. గులాబి రంగు కూడా వదిలేస్తాం, అయితే దాని మీద మా బృందంలో ఇంకా ఏకాభిప్రాయం లేదు, ఎందుకంటే కళాశాల అమ్మాయిల్లో రొమ్ము పరీక్ష గురించి మాట్లాడడానికి ఆ రంగే వీలు కల్పిస్తుందని మా సభ్యురాళ్లు వాదిస్తున్నారు, వారి మాటలోనూ బలముంది. రోగులెవరూ వేదిక ఎక్కరు, వారి ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. విభావరిని మాత్రం వదులుకోలేం. తప్పెటగుళ్లు పల్లెకు మేలు చేస్తాయి గాని గది అద్దెకు డబ్బు పుట్టించవు. విభావరిని సంక్రాంతి తరువాతకు జరిపితే వర్తకుల మీద చందాల బరువు కూడా తగ్గుతుంది.

నర్సమ్మగారికి ఒక ప్రతిపాదన. సిరిమాను ఉత్సవానికి జిల్లా నలుమూలల నుండి లక్షల మంది వస్తారు, వారిలో మీరు చెప్పిన అత్తలే ఎక్కువ. కోట దగ్గర ఒక పందిరి వేసి అక్కడే నోళ్లు పరీక్షిస్తే పల్లెపల్లెకూ తిరిగే శ్రమ తప్పుతుంది కదా?

ఆరోగ్య కేంద్రం నర్సు:

తప్పదు బాబూ. అమ్మవారి దర్శనానికి వచ్చిన ముసలమ్మ నలుగురి మధ్య నోరు తెరవదు. తెరిచినా, అంగుడిలో తెల్లమచ్చ కనబడినప్పుడు ఆమె ఏ ఊరు, ఎవరి తాలూకు, ముక్కపరీక్షకు ఎవరు తీసుకువస్తారు అన్నది ఆ రద్దీలో ఎవరూ రాసుకోలేరు. పరీక్ష చేసి వదిలేసిన మనిషికి భయం మాత్రమే మిగులుతుంది. పందిరి వేయదలిస్తే చుట్ట గురించి, రైలు రాయితీ గురించి చెప్పడానికి వేయండి. పరీక్షకు మా ఆశా కార్యకర్తల దగ్గర ఇంటింటి జాబితా ఉంది. సోమవారం నుండి మా కేంద్రం పరిధిలోని పల్లెలకు వెళుతున్నాం. మీ సభ్యురాళ్లలో ఇద్దరిని పంపండి, రంగు ఏదైనా పరవాలేదు.